నేల గుణము – లోహశోధక యంత్రము

ఖమ్మము పట్టణమును విడిచి ఈశాన్యముగా భద్రాచలమునకు పోవు బాటసారికి దారి పొడవునను నేల రంగు మాఱుచుండుట కానవచ్చును. ప్రత్తియు మిరపయు పండు నల్లరేగళ్లు మొదట కనబడును. కొంత దూరము పోగా ఎఱ్ఱని చెలకలు వచ్చును. కొత్తగూడెము చుట్టుప్రక్కల బొగ్గుగనులు, పాల్వంచ దాటిన పిమ్మట అడవి, ఆ యడవిలో గులకతో నిండిన మొరము తిప్పలు, తుదకు గోదావరి యొడ్డున మెత్తని ఒండ్రుమట్టి, ఇసుక తిన్నెలు. నదిని దాటి భద్రాచలము మీదుగా దుమ్ముగూడెము, చర్ల వైపు సాగినచో టేకు, వెదురు, ఇప్ప, తునికి చెట్లతో గూడిన అరణ్యము ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపు ఎల్లల వఱకు వ్యాపించి యుండును. 2016వ సంవత్సరము వఱకు ఈ దారి యంతయు ఖమ్మము జిల్లాలోనిదే. ఆ యేట భద్రాద్రి కొత్తగూడెము జిల్లా వేఱుగా నేర్పడినది.

కర్షకుడు నేల రంగును, జిగిని చూచి ఏ పంట వేయవలయునో నిర్ణయించుకొనును. కుమ్మరి మట్టిని వ్రేళ్లతో నలిపి అది కుండకు పనికివచ్చునో లేదో చెప్పగలడు. నేల గుణము నెఱుగక వీరి వృత్తులు సాగవు. అయినను వీరు పొరబడినచో ఒక యేటి పంటయో, ఒక ఆవపు కుండలో నష్టమగును. ఇదే నేల గుణమును ప్రాణములు అరచేత బట్టుకొని చదువవలసిన వారు మఱికొందఱు కలరు. వారు అడవిదారులలో మందుపాతరలను వెదకి తీయువారు.

మందుపాతర నివురుగప్పిన నిప్పు వంటిది. పైన మట్టియు, ఆకులును గప్పి యుండును. అడుగున మృత్యువు పొంచి యుండును. ఈ సరిహద్దు అరణ్యములలో మావోయిస్టులకును ప్రభుత్వ దళములకును నడుమ పెక్కు దశాబ్దములు సాగిన సంఘర్షణలో బాటల క్రిందను, కాలిదారుల ప్రక్కను ఇట్టి పాతరలు పాతబడినవి. తన్ను త్రొక్కినవాడు సైనికుడో, వంటచెఱకు కొఱకు వచ్చిన పేదవాడో పాతరకు తెలియదు. 2024 జూన్ మాసమున ములుగు జిల్లా వాజేడు మండలపు అడవిలో కట్టెలకై పోయిన గ్రామస్థు డొకడు పాతర పేలి మరణించెను. 2025 ఏప్రిల్, మే నెలలలో ములుగు జిల్లా సరిహద్దునందలి కర్రెగుట్టలలో దళములు గాలించినప్పుడు 450 మందుపాతరలు దొరకినట్లు అధికారులు ప్రకటించిరి.

వీనిని వెదకు పనిముట్లలో ముఖ్యమైనది లోహశోధక యంత్రము. దీనినే మెటల్ డిటెక్టరని వాడుకలో పిలుచుచున్నారు. దేవాలయ ద్వారములయొద్దను, పెద్ద రైలు స్టేషనులలోను దీనిని మీరు చూచియే యుందురు. అచ్చట యంత్రమునకును మన జేబులోని తాళపు చెవికిని నడుమ నుండునది గాలి మాత్రమే. గాలి యంత్రము మాటకు అడ్డు రాదు. అడవిలో అట్లు గాదు. యంత్రమునకును పాతరకును నడుమ నేల యున్నది. ఆ నేల మౌనముగా నుండదు. తానును యంత్రముతో మాటలాడును. ఈ మాటలలో ఏది మట్టిది, ఏది లోహముది అని వేఱుపఱచుటయే ఈ విద్యలోని కష్టము.

ఇది తెలియవలెనన్నచో యంత్రము పనిచేయు విధమును ముందుగా గ్రహింపవలెను. విద్యుత్తు ప్రవహించు తీగ తన చుట్టును అయస్కాంత బలమును కలిగించునని 1820లో డెన్మార్కు దేశీయుడైన అయిర్‌స్టెడ్ కనుగొనెను. మాఱుచున్న అయస్కాంత బలము దగ్గరనున్న తీగలో విద్యుత్తును పుట్టించునని 1831లో ఇంగ్లండునందు ఫారడే నిరూపించెను. ఈ రెండు సూత్రములే మన యంత్రమునకు మూలము. పొడవైన కఱ్ఱకు చివర పళ్లెము వంటి భాగ మొకటి యుండును. అందు తీగచుట్ట యున్నది. దానిలో విద్యుత్తు క్షణమునకు వేలసార్లు దిశను మార్చుకొనుచు ప్రవహించును. అందుచే చుట్ట క్రిందనున్న అయస్కాంత బలమును అదే వేగముతో మాఱుచుండును. నేలలో లోహఖండ మున్నచో దానియందు నీటి సుడులవలె చిన్న విద్యుత్ప్రవాహములు పుట్టును. ఆ సుడులు తమ వంతు అయస్కాంత బలమును తిరిగి పైకి పంపును. ఆ బలహీనమైన బదులును యంత్రములోని మఱియొక చుట్ట గ్రహించి ధ్వనిగా మార్చి, పనివాని చెవికి వినిపించును.

పరిసరములు ఈ యంత్రమును మోసగింపగలవని దాని పుట్టుకనాడే తెలిసినది. 1881 జూలై 2వ తేదీన అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డును ఒక దుండగుడు తుపాకితో కాల్చెను. గుండు శరీరములో ఎచ్చట నున్నదో వైద్యులకు తెలియలేదు. టెలిఫోనును కనిపెట్టిన గ్రాహంబెల్ ఒక లోహశోధక యంత్రమును సిద్ధపఱచుకొని వచ్చి అధ్యక్షుని దేహమును పరీక్షించెను. ధ్వని స్పష్టముగా రాలేదు. అధ్యక్షుడు పరుండిన పఱుపులో ఉక్కుతీగ లుండుటయు, గుండు లేనివైపున మాత్రమే వెదకుటకు వైద్యుడు అనుమతించుటయు ఇందుకు కారణములని పిమ్మట తేలినది. సెప్టెంబరు 19వ తేదీన అధ్యక్షుడు మరణించెను. యంత్రము చెడ్డది గాదు. దాని చుట్టునున్న తావు దానికి అనుకూలింపలేదు.

రెండవ ప్రపంచ సంగ్రామ కాలమున, బ్రిటనులో తలదాచుకొన్న పోలండు సైన్యాధికారి కోసాట్‌స్కీ, ఒక మనిషి చేతబట్టి నడువదగిన పాతరశోధకమును తయారుచేసెను. 1942లో ఈజిప్టు దేశపు ఎల్ అలమైన్ యుద్ధమున బ్రిటిషు సేనలు దానిని వాడినవి. నాటినుండి నేటివఱకు యంత్రములు ఎంతయో అభివృద్ధి చెందినవి. అయినను ఒక సత్యము మాఱలేదు. ఒకే యంత్రము ఒక నేలపై చక్కగా పలుకును. వేఱొక నేలపై తడబడును.

ఇందుకు మొదటి కారణము నేలలోని ఇనుము. ఇనుప ముక్క యని భావింపకుడు. మట్టిలో కలిసియున్న ఇనుప ఖనిజములని అర్థము. వీనిలో మాగ్నటైటు అను నల్లని ఖనిజమునకు అయస్కాంత గుణము మిక్కుటము. మన పూర్వులు సూదంటురాయి యని పిలిచినది దీనిలోని ఒక రకమే. ఈ సీమ కిది క్రొత్త వస్తువు గాదు. పూర్వము ఖమ్మము జిల్లాలో నుండి 2016లో మహబూబాబాదు జిల్లాలో చేరిన బయ్యారము ఇనుప ఖనిజమునకు ప్రసిద్ధి వహించినది. గోదావరి పుట్టిన నాసికు ప్రాంతమునందు అగ్నిపర్వతముల నుండి వెలువడిన ద్రవము గట్టిపడగా ఏర్పడిన నల్లరాయి కలదు. ఆ రాతియందును మాగ్నటైటు రేణువు లున్నవి. రాయి అరిగి, ఆ రేణువులు ఇసుకతో కలిసి ప్రవాహమున క్రిందికి కొట్టుకొని వచ్చును.

దీనిని మీరే పరీక్షింపవచ్చును. ఒక అయస్కాంతమును పలుచని కాగితములో చుట్టి, ఇల్లు కట్టుటకై తెచ్చి పోసిన పొడి ఇసుకలో ఇటునటు త్రిప్పుడు. కాగితమునకు సన్నని నల్లని రేణువులు మీసములవలె అంటుకొనును. ఎఱ్ఱమట్టిని ఎండబెట్టి, నలిపి అట్లే చేయుడు. పిదప చెఱువు ఒండ్రుతో చేయుడు. అంటుకొను రేణువులు ఒక్కొక్క మట్టిలో ఒక్కొక్క విధముగా నుండును. మీ చేతిలోని చిన్న అయస్కాంతము కనుగొన్న ఈ భేదమునే లోహశోధక యంత్రము అడుగడుగునను ఎదుర్కొనవలసి యున్నది.

రేణువులు ఇంత సన్నని వైనచో వాటి బదులు పాతర బదులును మించునా యని సందేహము కలుగవచ్చును. శ్రీరామనవమినాడు భద్రాచలమున సీతారాముల కల్యాణము జరుగుచుండగా, ఆ జనసమ్మర్దములో తప్పిపోయిన బిడ్డ ఒక మూల ఏడ్చుచున్నదనుకొందము. ప్రక్కనున్నవారు బిగ్గరగా అరవకపోయినను, వేలమంది మెల్లగా పలికిన మాటలే ఆ యేడుపును మ్రింగివేయును. నేలయును అట్లే. ఒక్కొక్క రేణువు బదులు అల్పమే; కాని రేణువులు కోట్లకొలది యున్నవి. అవి తీగచుట్టకు అంటుకొనునంత దగ్గరలో నున్నవి. పాతరలోని లోహమో చిన్నది, దూరమున నున్నది.

దూరము చేయు నష్టమును లెక్కతో చూపవచ్చును. తీగచుట్ట వెడల్పు కంటె చాల ఎక్కువ దూరమున ఒక చిన్న లోహఖండ మున్నదనుకొనుడు. ఆ దూరము రెండింతలైనచో, చుట్టనుండి లోహమును చేరు బలము ఎనిమిదవ వంతగును. లోహమునుండి తిరిగివచ్చు బలమును మఱల ఎనిమిదవ వంతగును. ఎనిమిదిని ఎనిమిదిచే గుణింపగా 64. అనగా మొదట వినబడిన దానిలో 64వ వంతు మాత్రమే చెవికి చేరును. చుట్టకు దగ్గరలో నున్నప్పుడు ఈ తగ్గుదల ఇంత తీవ్రముగా నుండకపోయినను, బెత్తెడు దూరమైనను లెక్కలోనికి వచ్చును. టేకు అడవిలో ఎండుటాకులు దట్టముగా పఱచుకొని యుండును. వెదురు పొదలలో యంత్రమును నేలకు ఆనించి త్రిప్పుటకు వీలుండదు. రాళ్లమీద చుట్ట ఎగసి దిగుచుండును. ఇట్లు పైన పోయిన ప్రతి బెత్తెడును క్రింద లోతున తగ్గిపోవును.

రెండవ కారణము మొరము నేల స్వభావము. ఎండలును వానలును వేల సంవత్సరములు రాతిని మార్చగా, కరగు పదార్థములు నీటితో పోయి, ఇనుప ఆక్సైడులు మిగిలి నేల ఎఱ్ఱబడును. ఇట్టి నేలలలో మాగ్‌హెమైటు అను ఖనిజము మిక్కిలి సూక్ష్మమైన రేణువులుగా నుండుట కలదు. సామాన్యమైన అయస్కాంత రేణువులు చుట్ట పిలిచిన తత్‌క్షణమే పలుకును. కావున యంత్రము వానిని గుర్తించి త్రోసివేయగలదు. ఈ సూక్ష్మ రేణువులలో కొన్ని ఆలస్యముగా పలుకును. పాపికొండల నడుమ నిలిచి కేక వేసినచో, కేక ముగిసిన పిదపను ప్రతిధ్వని వినబడును గదా! లోహములోని సుడులును అట్లే ఆలస్యముగా నణగిపోవును. కావుననే యంత్రము మట్టి ప్రతిధ్వనిని లోహముగా భ్రమించును. కంబోడియా, అంగోలా, మొజాంబిక్ దేశములలో పాతరలు తీయువారు ఇట్టి ఎఱ్ఱనేలల వలన ఎన్నో చిక్కులకు లోనైరి.

మూడవ కారణము అగ్ని. ఎఱ్ఱమట్టిలోని ఇనుప ఆక్సైడులు ఆకులు, కొమ్మలతో గలిసి కాలినప్పుడు రసాయనిక మార్పు చెంది, అయస్కాంత గుణము అధికముగా గల రూపమును పొందును. వేసవిలో కార్చిచ్చు వ్యాపించిన తావులును, కోయలును కొండరెడ్లును తరతరములుగా పోడు కొట్టి కాల్చిన చెలకలును, ఇప్పపూవు ఏరుటకై చెట్టు క్రింది ఆకులను కాల్చిన చోట్లును, పాత పొయ్యిలును, ఇటుక బట్టీలును ఇట్టివే. కనులకు ఒకే తీరుగా నున్న నేలలో ఒక అడుగు కాలినది, ప్రక్క అడుగు కాలనిది యగును. యంత్రము ఒకచోట మౌనము వహించి, మఱియొకచోట కారణము లేకయే మ్రోగును. పురావస్తు శాస్త్రజ్ఞులకు ఈ గుణమే వరమైనది. మట్టియొక్క అయస్కాంత బలమును కొలిచి, పూర్వుల పొయ్యిలును ఆవములును ఎచ్చట నుండెనో వారు త్రవ్వకయే పసిగట్టుచున్నారు. ఒకరికి శత్రువైన గుణము వేఱొకరికి మిత్ర మగుట ఇట్టిదే.

నాల్గవది నీరును ఉప్పును. ఉప్పు కరగిన నీటిలో విద్యుత్తు సులభముగా ప్రవహించును. మచిలీపట్టణము వంటి సముద్రతీరమున తడి ఇసుకపై యంత్రము నుంచినచో, ఆ ఇసుకయే ఒక పెద్ద లోహపు రేకువలె బదులు పలుకును. అడవిలో ఉప్పు తక్కువ గనుక అంత చిక్కు లేదు. అయినను ఎండినప్పుడు ఒక తీరుగను, తొలకరిలో తడిసినప్పుడు మఱియొక తీరుగను నేల ప్రవర్తించును. వానకు మఱియొక శక్తియు గలదు. తాలిపేరు, కిన్నెరసాని వంటి ఏఱులు పొంగినప్పుడు ఒకచోటి మట్టి కోసుకొనిపోయి, వేఱొకచోట మేట వేయును. జానెడు లోతున పాతిన వస్తువుపై మూరెడు మట్టి చేరవచ్చును. 2014 మే నెలలో బోస్నియా దేశమున వరదలు వచ్చినప్పుడు, పాత యుద్ధకాలపు పాతరలు స్థానము తప్పి కొట్టుకొనిపోయినవి. నిన్న గాలించిన చోటు నేడును నిరపాయమని వరద వచ్చినచోట చెప్పరాదు.

ఇన్ని చిక్కు లుండగా పని ఎట్లు సాగును? మొదటి ఉపాయము నేలతో యంత్రమునకు సంధి చేయుట. నెయ్యి తూచు వర్తకుడు ముందుగా ఖాళీ పాత్ర బరువును సరిచేసికొని, పిదప నెయ్యి పోయును. అట్లే పనివాడు లోహము లేని నేలపై చుట్టను పైకి ఎత్తుచు, క్రిందికి దింపుచు, ధ్వని మాఱకుండునంతవఱకు యంత్రమును సవరించును. అటుపిమ్మట మట్టి మాట సద్దుమణగి, లోహము మాట మాత్రమే వినబడును. కాని ఈ సంధి ఆ నేలకే చెల్లును. రోడ్డుపై పోసిన మొరము వేఱొక గుట్టనుండి తెచ్చినదై యుండవచ్చును. ప్రక్కనున్న చెలకలో సరిచేసిన యంత్రమును రోడ్డుమీద మఱల సరిచేయక వాడుట అపాయకరము.

రెండవ ఉపాయము పరీక్ష. నిరపాయమైన తావున, అదే జాతి మట్టిలో, తెలిసిన లోతున చిన్న లోహఖండమును పాతి, యంత్రము దానిని కనుగొనుచున్నదో లేదో పని ప్రారంభింపక మునుపే చూచుకొందురు. ఎంత లోతువఱకు యంత్రమును నమ్మవచ్చునో ఈ పరీక్ష తెలుపును. విపణిలో యంత్రమునకు వ్రాసిన లోతు వేఱు. మన నేలలో అది చూపు లోతు వేఱు.

అయినను మట్టి గోల భరింపలేక యంత్రము చెవిని మందగింపజేసినచో, మట్టితోపాటు పాతర మాటయు వినబడకపోవును. చెవిని మఱింత పదును పెట్టినచో ప్రతి గులకరాయియు మ్రోగును. మేకులు, సీసా మూతలు, తుపాకి తూటాల తొడుగులు కూడ మ్రోగును. మ్రోగిన ప్రతిచోటును మోకాళ్లపై కూర్చుండి మెల్లగా మట్టిని తీసి చూడవలెను. వంద మ్రోతలు వట్టివైన పిదప నూటొకటవ దానిని అలసటచే ఉపేక్షించుట మనుష్య స్వభావము. ఆ నూటొకటవదే నిజమైనదిగా నుండవచ్చును. పాతరలో లోహము మిక్కిలి తక్కువగా నుండి, ప్లాస్టిక్కు లేక కొయ్యతో చేసినదైనచో కష్టము మఱింత హెచ్చును.

అందుచేతనే ఒక్క యంత్రమునే నమ్ముకొనక, వాసనను పసిగట్టు జంతువులను గూడ తోడు తెచ్చుకొందురు. జాగిలములకు మట్టిలోని ఇనుముతో పనిలేదు; అవి మందుగుండు వాసనను గ్రహించును. 2025 ఏప్రిల్ నెలలో కర్రెగుట్టలలో పనిచేయుచుండిన రోలో అను కేంద్ర రిజర్వు పోలీసు దళపు జాగిలము తేనెటీగలు కుట్టుటచే మరణించినది. కంబోడియాలో మగావా అను ఆఫ్రికా జాతి పెద్ద యెలుక 39 పాతరలను కనిపెట్టి 2020లో బ్రిటనునుండి బంగారు పతకము నందుకొన్నది. ఎలుక బరువు తక్కువగుటచే అది త్రొక్కినను పాతర పేలదు. ఐనను గాలి, వాన, ఎండ వాసనను చెదరగొట్టును. కావున యంత్రమును, జంతువును, మనుష్యుని చేతినేర్పును ఒకదానికొకటి తోడుగా నున్నప్పుడే పని సురక్షితముగా సాగును.

ఇంతవఱకు చెప్పినదాని సారాంశ మొక్కటియే. యంత్రము మ్రోగినచోట లోహ మున్నదని నిశ్చయింపరాదు. మ్రోగనిచోట ఏమియు లేదని అంతకంటెను నిశ్చయింపరాదు. మొదటి పొరపాటున శ్రమ వ్యర్థమగును. రెండవ పొరపాటున ప్రాణము పోవును. నేల గుణము నెఱిగినవానికే యంత్రము యొక్క మౌనమునకు అర్థము తెలియును.

అడవి అంచులలోని పల్లెలలో నివసించు బాలబాలికలు దీనినుండి నేర్వదగిన పాఠము మఱియొకటి కలదు. శిక్షణ పొందినవారికి, విలువైన యంత్రములు చేతనున్నవారికి సైతము నేల ఇంత సులభముగా తన రహస్యమును చెప్పదు. అట్టిచో కనుచూపును మాత్రమే నమ్మి క్రొత్త దారులు త్రొక్కుట తగదు. తునికాకు కోతకో, పశువులను మేపుటకో పోయినప్పుడు పదిమంది నడిచిన బాటనే నడువవలెను. మట్టిలో తీగ గాని, డబ్బా గాని, సీసా గాని, క్రొత్తగా త్రవ్వి పూడ్చిన గుఱుతు గాని కనబడినచో ముట్టరాదు, రాయి విసరరాదు, కఱ్ఱతో కదలింపరాదు. వచ్చిన అడుగుజాడలలోనే మెల్లగా వెనుకకు మఱలి, పెద్దలకును, వారి ద్వారా పోలీసులకును తెలుపవలెను. ఈ నేలను మఱల అందఱికిని నిర్భయముగా నడువదగినదిగా చేయుటకు ఎందఱో ఓర్పుతో పాటుపడుచున్నారు. వారి పని ముగియువఱకు మన జాగ్రత్తయే మనకు రక్ష.